హద్దుల పాఠం, 4వ భాగం: చేలు రెండైనా గట్టు ఒకటే

పోయిన భాగంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా అండి? సెన్సస్ (జనాభా లెక్కల) గ్రామాల హద్దుల ఫైల్‌ని జోసమ్‌లో, అంటే అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని దిద్దే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచి ఊరికే చూడమన్నాను, అప్‌లోడ్ మాత్రం కొట్టొద్దన్నాను. తెరిస్తే ఊళ్ళు అసలు మన జిల్లాలోనే కనపడలేదంటే కంగారు పడకండి, ఆ ఫైల్ యూటీఎం 44వ జోన్ అనే కొలతల పద్ధతిలో మీటర్లలో ఉండుంటది, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూజీఎస్ 84కి, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకి, మార్చి మళ్ళీ సేవ్ చేస్తే సరిపోద్ది. లైసెన్స్ సంగతి రెండో భాగంలోనే చెప్పేశా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాడుకోడానికి పనికొచ్చే అనుమతి లేని ఫైల్ అయితే చూసుకుని మూసేయండి, అంతే.

ఇప్పుడు అసలు పని. ఆ ఫైల్‌లో ప్రతి ఊరూ విడివిడిగా ఒక చుట్టు గీత. అంటే మన ఊరికీ పక్కూరికీ మధ్య ఒకదాని మీద ఒకటి రెండు గీతలు ఉంటాయి, జూమ్ చేస్తే కొన్నిచోట్ల సన్నగా సందు కూడా కనపడుద్ది. మన దగ్గర రెండు చేల మధ్య రెండు గట్లు ఎవరైనా వేస్తారా? ఇక్కడా అంతే, గీత ఒకటే ఉండాలి, రెండూళ్ళూ దాన్నే వాడుకోవాలి.

ఎలాగంటే, ముందు మూడూళ్ళ హద్దులు కలిసే చోట్లు వెతకండి. అక్కడి నోడ్‌లు (గీత మీది చుక్కలు) కనీసం రెండిటినీ, గీతనీ కలిపి సెలెక్ట్ చేసి పీ కీ కొడితే గీత తెగుద్ది. అలా ఊరి చుట్టూ ఉన్న గీత ముక్కలవుద్ది, ఒక్కో పొరుగూరికి ఒక్కో ముక్క. జంటగా ఉన్న ముక్కల్లో ఒకటి తీసేసి, మిగిలినదాని చివర్లని పక్క గీత చివర్లతో ఎమ్ కీతో కలపండి. అప్పుడు ఆ ముక్కలన్నీ సెలెక్ట్ చేసి కొత్త రిలేషన్ (ముక్కలన్నిటినీ ఒకే హద్దుగా కట్టే మూట) తయారుచేసి, దాని ట్యాగుల్లో, అంటే వివరాల చీటీల్లో, టైప్ బౌండరీ, బౌండరీ దగ్గర సెన్సస్, పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, రిఫరెన్స్ దగ్గర 2011 నాటి ఆరంకెల గ్రామ కోడ్ వేయండి. ప్రతి ముక్కకీ రోల్ (మూటలో దాని పాత్ర) ఔటర్, అంటే బయటి చుట్టు. ట్యాగులు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి.

పాలనా స్థాయి చెప్పే అడ్మిన్ లెవెల్ ట్యాగు వేయమంటారా అని ఒకరు అడిగారు. వద్దండి. జిల్లాకి 5, మండలానికి 6 అని వేస్తున్నామంటే అక్కడ పాలన ఉంది కాబట్టి, ఇది లెక్కల కోసం గీసిన గీత. సెన్సస్ టౌన్‌నే చూడండి, జనం 5000 దాటి, మగ కార్మికుల్లో 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉంటే లెక్కలోళ్ళు టౌన్ అంటారు, కానీ అక్కడ మున్సిపాలిటీ ఉండదు, పంచాయతీయే నడుస్తుంటది. ఇంకోటి, 2011 లెక్కల హద్దులు 2009 డిసెంబర్ 31 నాటికి బిగించేసినవి. మన జిల్లాలు 13 కాస్తా 26 అయింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి ఫైల్‌లో అమలాపురం పక్కన తూర్పు గోదావరి అనే ఉంటది, దాన్ని చూసి మ్యాప్‌లో ఉన్న కోనసీమ హద్దుని సర్దేయకండి బాబోయ్. సోర్స్ దగ్గర 2011 అని సంవత్సరం తప్పకుండా రాయండి.

ఇక ఈ భాగం రాయడానికి అసలు కారణం గోదారి. నేను మొదట్లో ఒక లంక ఊరి హద్దు వేసినప్పుడు, ఫైల్‌లో గీత ఏటి ఒడ్డుకి కొంచెం పక్కగా పోతుంటే అబ్బే తప్పులే అనుకుని, పాయ ఒడ్డు గీతకే అతికించేశాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత ఎవరో కొత్త శాటిలైట్ బొమ్మ చూసి, వరదల్లో కోసుకుపోయిన ఒడ్డుని సరిచేశారు, ఆయన తప్పేం లేదు. ఒడ్డుతోపాటు నా హద్దు కూడా జరిగిపోయింది, ఎకరాలకి ఎకరాలు ఏట్లో కలిపేశాను కాగితం మీద. గోదారి పాయల్లో వశిష్ట అయినా వైనతేయ అయినా ఒకవైపు కోస్తది ఇంకోవైపు మేట వేస్తది, హద్దు మాత్రం కదలదు. అవతలి ఒడ్డున ఉన్న లంక ఇవతలి ఊరి సర్వే నంబర్లలోనే ఉండొచ్చు, అప్పుడు ఒకే రిలేషన్‌లో రెండు విడి చుట్లు వస్తాయి, రెండూ ఔటర్లే. కాబట్టి హద్దు గీతని నదికీ కాలవకీ రోడ్డుకీ వేటికీ అతికించకండి. పొరపాటున అతుక్కుంటే ఆ నోడ్ పట్టుకుని జీ కీ కొడితే విడిపోద్ది.

ఇన్నర్ రోల్, అంటే చుట్టు లోపల వదిలేసే భాగం గీత, ఎప్పుడు వస్తదంటే, యానాం చూడండి. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. అదే గీత పుదుచ్చేరి రిలేషన్‌లో ఔటర్, ఆంధ్రా రిలేషన్‌లో ఇన్నర్. ఊళ్ళ స్థాయిలో ఇది అరుదు.

ఈసారి హోంవర్క్: మీ ఊరూ ఒక్క పక్కూరూ, రెండే రెండు రిలేషన్లు. రిలేషన్ కిటికీలో ముక్కల పక్కన గొలుసు పూర్తిగా చుట్టు తిరిగిందో లేదో చూడండి, మధ్యలో తెగితే ఎక్కడో ఎమ్ కొట్టడం మర్చిపోయారన్నమాట. షిఫ్ట్ వీ కొట్టి, తప్పులు పట్టే వాలిడేటర్ ఎర్రగా చూపే తప్పులన్నీ తీర్చండి. ఫైల్‌ని డిస్క్‌లో సేవ్ చేసుకుని ఉంచుకోండి, వచ్చే భాగంలో ఇప్పటికే మ్యాప్‌లో ఎవరో సగం గీసి వదిలేసిన హద్దులతో ఎలా కలపాలో చూద్దాం, అప్‌లోడ్ ఆ తర్వాతే.