సైటులో ప్రమాదం జరిగితే, పని ఆగిపోతే: కూలీలకు ఎలా అండగా ఉండాలి

ఇల్లు కట్టిస్తున్నవాళ్లు, మేస్త్రీలు, చిన్న బిల్డర్లు ఇది చదవండి. కూలీకి కష్టం వచ్చాక పరిగెత్తడం ఎలాగూ తప్పదు, కానీ అసలు పని మొదటి వారంలోనే ఉంటుంది.

ముందు లేబర్ కార్డు సంగతి చూడండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు, ఆ బోర్డు ఇచ్చేదే ఈ కార్డు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నిర్మాణాల మీద వసూలు చేసే సెస్సు నిధి నుంచి కూలీల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, మరి పేరే లేనివాళ్లకు ఏ ఖాతాలో వేస్తారు? కార్డు ఉన్నా రెన్యువల్ అయిందో లేదో, నామినీ ఎవరో చూడండి. పెళ్లికి ముందు తీసుకున్న కార్డులో అమ్మ పేరే ఉండిపోయి, తర్వాత భార్య ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఒక నోటుబుక్కులో రోజూ హాజరు రాయండి. పేరు, చేసిన పని, ఇచ్చిన ఖర్చీ, సంతకం లేదా వేలిముద్ర, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి పూర్తి పేరు చాలా సైట్లలో మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు.

పరంజా మీద నుంచి ఎవరైనా పడితే గబగబా ఎత్తి ఆటోలో కుదేయకండి, వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ కుదుపుకే కాళ్లు పడిపోవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా కదలకుండా చూడండి. కరెంటు షాకైతే మెయిన్ ఆపాకే ముట్టుకోండి. ఆస్పత్రిలో మాత్రం నిజం చెప్పండి. కేసవుతుందన్న భయంతో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించేవాళ్లున్నారు, ఆ ఒక్క మాటతో నష్టపరిహారం అడిగే దారే మూసుకుపోవచ్చు. పనిలో దెబ్బ తగిలిందని ఆస్పత్రి కాగితంలో, పోలీసు ఫిర్యాదులో ఉండాలి. చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు కూడా కావాలి.

2019లో ఆంధ్రాలో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగినప్పుడు కూలీలు ఎంత నలిగిపోయారో చూశాం. పని ఆగిన రోజే పాత బాకీ మొత్తం ఇచ్చేయండి, బిల్లు రావాలి అని తిప్పకండి. అడ్వాన్సు ఉంటే పని మళ్లీ మొదలయ్యాక కొంచెం కొంచెంగా పట్టుకోండి.

ఎప్పుడూ కలివిడిగా ఉండే మనిషి మాట తగ్గించినా, తాగుడు పెంచినా, "నేను లేకపోతేనే నయం" అన్నా పక్కకు తీసుకెళ్లి అడగండి, వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఒంటరిగా వదలకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416, ఉచితం, ఎప్పుడైనా చేయొచ్చు. తెలుగులోనే కాదు హిందీలోనూ మాట్లాడతారు కాబట్టి బీహార్ నుంచి వచ్చినవాళ్ల ఫోన్లలో కూడా సేవ్ చేయించండి.