బలాల లెక్కలు చేసే పద్ధతి: స్వేచ్ఛా వస్తు పటం నుంచి సమీకరణం దాకా

హైస్కూలులో పరిచయమై, ఇంటర్ మొదటి సంవత్సరంలో పూర్తి స్థాయిలో ఎదురయ్యే గమన నియమాల పాఠంలో, న్యూటన్ 1687లో ప్రకటించిన మూడు నియమాలనూ తడుముకోకుండా అప్పజెప్పగలిగిన విద్యార్థులు కూడా లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంటారు. సూత్రం (బలాల మొత్తం ఫలితం = ద్రవ్యరాశి × త్వరణం) గుర్తురాక ఆగేవారు తక్కువ. ఆ సూత్రాన్ని ఏ వస్తువుకు వర్తింపజేస్తున్నామో తేల్చుకోకుండానే అంకెలు ప్రతిక్షేపించేవారే ఎక్కువ. ఈ చిక్కు విడిపోవాలంటే స్వేచ్ఛా వస్తు పటం, అంటే ఒక వస్తువును విడిగా గీసి దాని మీద పనిచేసే బలాలను బాణాలుగా చూపే బొమ్మ, గీయడం అలవాటు కావాలి.

మొదట ఒకే ఒక్క వస్తువును ఎంచుకుని, దాని చుట్టూ ఉన్న నేల, తాడు, గోడ, చెయ్యి అన్నింటినీ తీసేసి, ఆ వస్తువును మాత్రమే ఒక చిన్న పెట్టెగానో చుక్కగానో కాగితం మీద గీయాలి. తాకకుండా పనిచేసే బలాన్ని ముందుగా వేయాలి. ఈ స్థాయి లెక్కల్లో అది దాదాపు ఎప్పుడూ భారమే. ద్రవ్యరాశిని 9.8 మీ/సె²తో గుణిస్తే భారం న్యూటన్లలో వస్తుంది, దాని బాణం ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే ఉంటుంది. తరువాత వస్తువు చుట్టూ ఒకసారి కళ్లతో తిరిగి, దానిని ఏమేమి తాకుతున్నాయో చూడాలి. తాకే తలం ఉంటే ఆ తలానికి లంబంగా అభిలంబ బలం, తలం గరుకైనదైతే దాని వెంబడి ఘర్షణ; తాడు ఉంటే తన్యత, అది లాగడమే తప్ప నెట్టడం ఉండదు.

గీసిన ప్రతి బాణం దగ్గరా ఆగి, ఈ బలాన్ని ప్రయోగిస్తున్నది ఏది అని అడగాలి. సమాధానంగా ఒక వస్తువు పేరు చెప్పలేకపోతే ఆ బాణాన్ని చెరిపేయాలి. పైకి విసిరిన బంతి మీద, అది చేతిని వదిలాక కూడా ‘చేతి బలం’ అంటూ పైకి బాణం వేసే అలవాటు ఈ ఒక్క ప్రశ్నతో పోతుంది, ఎందుకంటే చెయ్యి ఇప్పుడు బంతిని తాకడం లేదు. గాలి నిరోధాన్ని వదిలేస్తే బంతి మీద మిగిలింది భారం ఒక్కటే. ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధాన్ని మరో బలంగా భావించి బాణం వేయడం కూడా ఇటువంటి తప్పే. అది బలాలన్నీ కలిసి ఇచ్చే ఫలితం, సమీకరణానికి అవతలి వైపు రావలసినది.

పటం పూర్తయ్యాక అక్షాలను ఎంచుకోవాలి. త్వరణం ఏ దిశలో ఉందో, లేదా ఉంటుందని అనుకుంటున్నామో, ఆ దిశను ధనాత్మకంగా తీసుకుంటే గుర్తుల తికమక చాలావరకు తగ్గుతుంది. వాలుతలం మీది లెక్కలో ఒక అక్షాన్ని వాలు వెంబడి, రెండవ దానిని వాలుకు లంబంగా తీసుకుని, భారాన్ని మాత్రం రెండు అంశాలుగా విడగొట్టాలి. 30° వాలు మీద 10 కిలోల పెట్టె ఉంటే వాలు వెంబడి కిందికి 98 × సైన్ 30°, అంటే 49 న్యూటన్లు. వాలుకు లంబంగా 98 × కొసైన్ 30°, అంటే సుమారు 84.9 న్యూటన్లు. ఏ అంశానికి సైన్ రావాలో అనుమానం వస్తే కోణాన్ని సున్నా చేసి చూడండి: నేల సమతలమైనప్పుడు వాలు వెంబడి లాగే అంశం ఉండదు కాబట్టి సైన్ రావలసింది అక్కడే.

ఇప్పుడు ఒక లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. 60 కిలోల మనిషి లిఫ్టులో బరువు చూసుకునే యంత్రం మీద నిలబడ్డాడు. మనం ఎంచుకునే వస్తువు మనిషి. లిఫ్టూ కాదు, యంత్రమూ కాదు. అతని భారం 588 న్యూటన్లు కిందికి పనిచేస్తుంది. అతన్ని తాకుతున్నది యంత్రం పలక ఒక్కటే కాబట్టి పైకి దాని అభిలంబ బలం. బాణాలు రెండే. యంత్రం చూపేది నిజానికి ఈ అభిలంబ బలాన్నే, 9.8తో భాగించి కిలోల్లో. లిఫ్టు 1.2 మీ/సె² త్వరణంతో పైకి బయలుదేరితే అభిలంబ బలం నుంచి 588 తీసివేయగా వచ్చేది 60 × 1.2, అంటే 72 కావాలి. కనుక అభిలంబ బలం 660 న్యూటన్లు, ముల్లు 67 కిలోలు దాటుతుంది. లిఫ్టు సమవేగంతో పోతున్నంతసేపూ త్వరణం సున్నా, ముల్లు 60 దగ్గరే ఉంటుంది. పై అంతస్తు దగ్గర ఆగబోతూ అంతే పరిమాణంతో వేగం తగ్గేటప్పుడు లిఫ్టు ఇంకా పైకే వెళుతున్నా త్వరణం కిందికి ఉంటుంది. అప్పుడు అభిలంబ బలం 516 న్యూటన్లు, ముల్లు 53 కిలోలకు కాస్త తక్కువ చూపుతుంది. వేగం దిశనే త్వరణం దిశ అనుకునేవారు పొరపడేది సరిగ్గా ఇక్కడే. అపార్ట్‌మెంటు లిఫ్టులో దీనిని స్వయంగా చూడవచ్చు, కాని ముల్లు ఉన్న యంత్రం కావాలి. డిజిటల్ యంత్రాల్లో చాలావరకు అంకె స్థిరపడగానే అక్కడే నిలిచిపోతాయి.

మూడవ నియమం గురించిన అపోహను కూడా ఈ లిఫ్టే తీరుస్తుంది. భారానికి ప్రతిచర్య అభిలంబ బలమని చాలామంది రాస్తారు. నియమం ప్రకారం చర్యా ప్రతిచర్యలు ఎల్లప్పుడూ సమానం. ఇక్కడ ఒకటి 588, మరొకటి 660 అయినప్పుడు అవి జంట ఎలా అవుతాయి? భూమి మనిషిని 588 న్యూటన్లతో కిందికి లాగితే, మనిషి భూమిని అంతే బలంతో పైకి లాగడం ఒక జంట. పలక మనిషిని 660 న్యూటన్లతో పైకి నెడితే, మనిషి పలకను 660తో కిందికి నొక్కడం మరో జంట. జంటలోని రెండు బలాలూ రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి కాబట్టి, ఒకే స్వేచ్ఛా వస్తు పటంలో రెండూ కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్లే.

ఘర్షణ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో గుణిస్తే వచ్చేది స్థైతిక ఘర్షణ (వస్తువు ఇంకా కదలనప్పటి ఘర్షణ) చేరగల గరిష్ఠ విలువ మాత్రమే. స్థైతిక ఘర్షణ గుణకం 0.4 ఉన్న సమతలమైన నేల మీద 10 కిలోల పెట్టెను అడ్డంగా 20 న్యూటన్లతో నెడితే ఘర్షణ 39.2 కాదు, 20 మాత్రమే, 39.2 అయితే పెట్టె నెట్టిన వైపుకు ఎదురుగా కదలాలి! 40 న్యూటన్లతో నెట్టినప్పుడు పెట్టె కదులుతుంది, అప్పుడు గతిక (కదులుతున్నప్పటి) ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఎదురు బలం 29.4, మిగిలిన 10.6 న్యూటన్లు పెట్టెకు 1.06 మీ/సె² త్వరణాన్ని ఇస్తాయి.

రెండు వస్తువులు తాడుతో కలిసి ఉంటే రెండు పటాలు, రెండు సమీకరణాలు. కేంబ్రిడ్జిలో బోధించిన జార్జ్ అట్‌వుడ్ 1784లో వర్ణించిన యంత్రం దీనికి చక్కని ఉదాహరణ: కప్పీ మీదుగా వెళ్లే తాడుకు రెండు చివరలా రెండు ద్రవ్యరాశులు వేలాడదీస్తే, స్వేచ్ఛగా పడేటప్పటి కంటే చలనం నెమ్మదించి, గడియారంతో కొలవడానికి వీలవుతుంది. 3 కిలోలు, 2 కిలోలు తీసుకుందాం. బరువైనది కిందికి దిగుతుంది కాబట్టి దానికి 29.4 − తన్యత = 3 × త్వరణం; తేలికైన దానికి తన్యత − 19.6 = 2 × త్వరణం. రెండింటినీ కలిపితే తన్యత రద్దయి 9.8 = 5 × త్వరణం అవుతుంది, త్వరణం 1.96 మీ/సె². రెండవ సమీకరణంలో ప్రతిక్షేపిస్తే తన్యత 23.52 న్యూటన్లు. అది రెండు భారాలకూ మధ్య ఉండటం గమనించండి, 19.6 కంటే తక్కువైతే తేలిక వస్తువు పైకి లేవదు, 29.4 కంటే ఎక్కువైతే బరువైనది దిగదు. తాడుకు రెండు వైపులా ఒకే తన్యత తీసుకోగలిగింది తాడు, కప్పీల ద్రవ్యరాశినీ, ఇరుసు దగ్గరి ఘర్షణనూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టే. కప్పీ బరువైనదైతే రెండు వైపుల తన్యతలూ వేరవుతాయి, అప్పుడు కప్పీకి కూడా మూడవ పటం గీసి భ్రమణ చలన సమీకరణం రాయవలసి వస్తుంది.