నలుపు తెలుపు బొమ్మలను వీడియోలో చేర్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

సిరాతో గీసిన బొమ్మను స్కాన్ చేసేటప్పుడు, గీతల అంచులు మెట్లుమెట్లుగా కనబడకుండా ఉండాలంటే, నలుపు, తెలుపు రెండే నమోదయ్యే పద్ధతిని విడిచి 8 బిట్ల గ్రేస్కేల్‌ను (నలుపు, తెలుపుల మధ్య బూడిద ఛాయలు కూడా నమోదయ్యే పద్ధతిని) ఎంచుకుని, ఫైలును కుదింపులో వివరాలు కొంత పోగొట్టే జేపెగ్‌గా కాక టిఫ్ లేదా పీఎన్‌జీగా భద్రపరచాలి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) ఏ4 కాగితం 2480×3508 పిక్సెళ్లు అవుతుంది గనుక 1920×1080 ఫ్రేముకు సాధారణంగా అది చాలు. బొమ్మను బాగా దగ్గరకు తెచ్చి చూపదలచినప్పుడే 600 డీపీఐ అవసరం.

కాగితపు బూడిద ఛాయను లెవెల్స్‌లో (ఛాయల వెలుగును సరిదిద్దే సాధనంలో) పూర్తి తెలుపుగా మార్చిన తరువాతే, తెలుపు మాయమై నల్లని గీతలు మాత్రమే నేపథ్యంపై నిలిచే మల్టిప్లై మోడ్ వాడాలి. లేకుంటే బొమ్మ చుట్టూ కాగితం ఆకారంలో మురికి మచ్చ తేలుతుంది. నేపథ్యం నల్లనిదైతే బొమ్మను ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపులను తారుమారు చేసి), నలుపు మాయమై తెల్లని గీతలు నిలిచే స్క్రీన్ మోడ్ వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సన్నని గీతల మినుకు. బొమ్మను తెరపై నెమ్మదిగా జరిపేటప్పుడు, పిక్సెల్ కన్నా సన్నబడిన గీత ఒక ఫ్రేములో కనబడి మరుసటి ఫ్రేములో మాయమవుతుంది గనుక, ముందే స్వల్పంగా బ్లర్ ఇవ్వాలి. పదును కొంత తగ్గుతుందని వెనుకాడనవసరం లేదు, కదిలే బొమ్మలో ఆ తేడా కంటికి దాదాపు ఆనదు.

నలుపు బూడిదగా తేలినా, బూడిద ఛాయలు నలుపులో మునిగిపోయినా, నలుపు నుండి తెలుపు వరకు వెలుగును అంకెలలో నమోదుచేసే 0–255, 16–235 పరిధులలో ఒకదానిని మరొకటిగా ప్లేయరు పొరబడిందేమో చూడాలి. వీడియోను కుదించే హెచ్.264 పద్ధతిలో బిట్‌రేటు (సెకను వీడియోకు వాడే డేటా) తక్కువైతే గీతల చుట్టూ తెల్లని చోట మసక చుక్కలు ముసురుతాయి కాబట్టి, గీతలు దట్టంగా ఉండి కదిలే భాగాన్ని కొన్ని సెకన్లు ఎన్‌కోడ్ చేసి, పూర్తి తెరపై పరీక్షించిన తరువాతే మొత్తం వీడియోను ఎన్‌కోడ్‌కు పెట్టాలి.