ప్రయాణానికి ఇ-సిమ్, మూడో పాఠం: ఎన్ని జీబీలు, ఎవరి దగ్గర

ఇ-సిమ్ అంటే కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్. అది మీ ఫోనుకి పడుతుందో లేదో తేల్చుకోడానికి పోయిన పాఠంలో డయల్ ప్యాడ్ మీద *#06# కొట్టి చూడమన్నాను. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని 32 అంకెల బారు కనిపించిందా? అయితే ఈ పాఠం మీకే. కనిపించకపోతే సెట్టింగ్స్‌లో ‘యాడ్ ఇ-సిమ్’ ఉందేమో వెతకండి. అదీ లేకపోతే మీ ఫోనుకి మామూలు సిమ్ కార్డే గతి.

ఈసారి లెక్కకి మా అంబాజీపేట బావగారిని పట్టుకున్నాను. అక్కయ్యా ఆయనా ఇరవై రోజులకి డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నారు.

“ఏవయ్యా, అన్‌లిమిటెడ్ అమ్ముతుంటే ఈ కూడికలూ తీసివేతలూ ఎందుకు?” అన్నారు.

“కాలవ నిండా నీళ్లున్నాయని శివారు చేనుకి తడి అందుతుందాండీ?” అన్నాను. ధవళేశ్వరంలో తలుపులెత్తిన రోజే తన చేలో నీళ్లు నిలబడవని ఆయనకి నేను చెప్పాలా! అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో చాలావాటి సంగతి ఇంతే. రోజుకి ఒక జీబీయో రెండో పూర్తి వేగంతో ఇస్తారు, ఆపైన సన్నధార. మెసేజీలు నడుస్తాయి, వీడియో కాల్‌లో మాత్రం మనవడి మొహం గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఆ కొలత ‘ఫెయిర్ యూసేజ్’ అన్న మాట కింద రాసి ఉంటుంది. అది చదవకుండా అన్‌లిమిటెడ్ కొనకండి.

ఇక లెక్క. ఎవరో చెప్పిన సగటులు నాకు నచ్చవు, మీ ఫోనే చెబుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘నెట్‌వర్క్ యూసేజ్’ తెరవండి. అడుగున ఉన్న రీసెట్ నొక్కి, ఎవరితోనైనా పది నిమిషాలు వీడియోలో మాట్లాడి, మళ్లీ చూడండి. బావగారి ఫోన్‌లో దాదాపు 60 ఎంబీ తేలింది. రోజుకి ఇరవై నిమిషాలనుకుంటే 120 ఎంబీ, ఇరవై రోజులకి 2.4 జీబీ. మీ ఫోన్‌లో ఇంకో అంకె రావచ్చు, మీ అంకెతోనే గుణించండి.

ఇక్కడే అసలు ప్రశ్న. ఆ మాటలన్నీ ఎక్కడ కూర్చుని మాట్లాడతారు? కూతురింట్లో వైఫై ఉంది. ఇ-సిమ్‌తో పని గడప దాటాకే: దారి చూసుకోడానికి, కారు పిలవడానికి, “ఎక్కడున్నారు నాన్నా” అన్న మెసేజీకి జవాబివ్వడానికి. దారి మ్యాపు కూడా ముందే వైఫైలో దింపుకుంటే ఇంకా కలిసొస్తుంది. అలా చూస్తే బావగారికి 3 జీబీ ప్యాకు చాలు. ఊరూరా తిరుగుతూ హోటళ్లలో దిగేవాళ్లకి ఈ లెక్క పనికిరాదు, దానికి రెండు మూడింతలు వేసుకోవాలి. మూడు నాలుగు నెలలు ఉండేవాళ్లు అసలు ప్రయాణపు ఇ-సిమ్ జోలికే వెళ్లొద్దని నా మాట. అక్కడి నంబరుతో ప్రీపెయిడ్ తీసుకోవడం మేలు. ఈ ప్రయాణపు ప్యాకుల్లో చాలావాటికి నంబరే ఉండదు, ఉట్టి డేటా. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తామంటే ఏ నంబరిస్తారు?

బ్యాంకు ఓటీపీలు మాత్రం మన ఇండియా సిమ్‌కే రావాలి. కాబట్టి దాన్ని తీసి పెట్టెలో పడేయకండి. బయల్దేరే ముందు దానిమీద అంతర్జాతీయ రోమింగ్ తెరిపించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపి ఉంచాలి. ఆ మీటలు ఎక్కడెక్కడ ఉంటాయో నాలుగో పాఠంలో.

గడువు ఎప్పటి నుంచి లెక్కేస్తారో అడగడం మరచిపోకండి. కొందరు కొన్న రోజు నుంచి, కొందరు ఫోన్లో ఎక్కించిన రోజు నుంచి, కొందరు అక్కడి నెట్‌వర్క్ పట్టుకున్న క్షణం నుంచి లెక్కేస్తారు. నేను సింగపూర్‌కి వారం రోజుల ప్యాకు కొని, ముందుచూపు అనుకుని నాలుగు రోజుల ముందే ఎక్కించాను. మూడో రోజు రాత్రి ట్యాక్సీ పిలుద్దామంటే నెట్ లేదు. నిబంధన కింద సన్నక్షరాల్లో ఉంది, చదవనిది నేనే.

రెండు మూడు దేశాలు తిరిగేవాళ్లు ‘యూరప్ ప్యాక్’ అన్న పేరు చూసి మురిసిపోకుండా, కింద దేశాల జాబితాలో మీరు దిగేది ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. స్విట్జర్లాండ్ లేని యూరప్‌లూ ఉంటాయి. హాట్‌స్పాట్ ఇస్తారో లేదో కూడా చూడండి. భార్యాభర్తలు ఒకే ప్యాకు పంచుకోవాలనుకుంటే అదే ముఖ్యం.

రాజోలు నుంచి దుబాయ్ వెళ్లే కుర్రాళ్లకి ఒక మాట. అక్కడి నెట్‌వర్కుల్లో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి, కాల్స్‌కి అనుమతి లేదు. ఎక్కువ జీబీలు కొంటే కాల్ కలుస్తుందనుకోకండి. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ ఇక్కడే ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా వేసి, ఒకసారి నేర్పించి వెళ్లండి.

ఇంక ఎవరి దగ్గర కొనాలి? విదేశీ సిమ్‌లు మన దేశంలో అమ్మడానికి టెలికాం శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. అది లేదనే 2024 జనవరిలో ఇ-సిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లు ఇండియా యాప్ స్టోర్ల నుంచి పోయాయి. అందుకని ప్రకటన చూసి డబ్బు కట్టేముందు అనుమతి ఉందా అని అడగండి. పాస్‌పోర్టు కాపీ అడిగారని విసుక్కోకండి. ఏదీ తేలకపోతే మీ సొంత సిమ్ కంపెనీ రోమింగ్ ప్యాకు ధర పక్కన పెట్టి చూడండి. ఐదారు రోజుల ప్రయాణానికి అదే సుళువు కావచ్చు.

ఇంటిపని: పది నిమిషాల కాల్ చేసి మీ అంకె రాసిపెట్టుకోండి. ఇ-సిమ్ కొన్నాక దాన్ని ఎక్కించుకునే క్యూఆర్ కోడ్ వచ్చినవాళ్లు దాన్ని కాగితం మీద ప్రింటు తీయించండి. అది వచ్చేది మీ ఫోన్‌కే, తన తెర మీది కోడ్‌ని తన కెమెరాతోనే ఎలా చూపిస్తారు? ఎక్కించడం మాత్రం వచ్చే పాఠం దాకా ఆగండి. చాలా కోడ్‌లు ఒక్కసారికే పనిచేస్తాయి.