కన్వర్టర్లను సమాంతరంగా కలపడం – 3వ పాఠం: డ్రూప్‌తో కరెంటు పంపకం

కిందటి పాఠంలో రెండు 12 వోల్టుల కన్వర్టర్ మాడ్యూళ్ళను నేరుగా కలిపి, 10 ఆంపియర్ల లోడు పెట్టాం కదా. ఒకటి మొత్తం మోసి కాలిపోతుంటే, రెండోది చల్లగా కూర్చుంది. రెండూ మంచివే. కాకపోతే ఒకటి 12.05 దగ్గర, ఇంకోటి 11.95 దగ్గర సెట్ అయి ఉన్నాయి. ఆ పదోవంతు వోల్టే కొంప ముంచింది.

మాడ్యూల్‌లో వోల్టేజీని నిలకడగా పట్టి ఉంచే రెగ్యులేటర్ ఎంత మంచిదైతే అంత మొండిది. బస్ మీద, అంటే రెండు అవుట్‌పుట్‌లూ కలిసి లోడుకు వెళ్ళే ఉమ్మడి తీగ మీద, 12.05 కనబడగానే రెండోది "వోల్టేజీ ఎక్కువైంది" అనుకుని చేతులు ముడుచుకుంటుంది. అందులో సింక్రనస్ రెక్టిఫైయర్ (డయోడ్ బదులు వాడే ట్రాన్సిస్టర్ స్విచ్, కరెంటును రెండు వైపులా పోనిస్తుంది) ఉంటే మరీ అన్యాయం. ఊరికే కూర్చోకుండా బస్ నుంచి కరెంటు వెనక్కి లాగొచ్చు. ఆ బరువూ మొదటిదే మోయాలి.

కాబట్టి మొండితనాన్ని మనమే కాస్త సడలిద్దాం. లోడు పెరిగేకొద్దీ వోల్టేజీ కొంచెం దిగేలా చేయడమే డ్రూప్. ఒక్కో మాడ్యూల్ అవుట్‌పుట్‌లో 50 మిల్లీఓముల రెసిస్టర్ వేసి, కాగితం తీయండి. రెసిస్టర్ల అవతలి కొసలు ఒకే బస్‌కి కలుస్తాయి. అంటే కరెంట్ల తేడా 0.1 ÷ 0.05, అంటే 2 ఆంపియర్లు. మొత్తం 10 కనుక ఒకటి 6, ఇంకోటి 4. బస్ వోల్టేజీ 12.05 − 0.3 = 11.75. రెండో వైపు నుంచి వచ్చినా 11.95 − 0.2, అదే 11.75. మీటర్ని రెసిస్టర్ల మీద పెడితే 300, 200 మిల్లీవోల్టులు చూపించాలి. క్లాంప్ మీటర్ లేకపోయినా పంపకం కళ్ళకు కడుతుంది.

10 మిల్లీఓములు వేస్తే తేడా 10 ఆంపియర్లు, కథ మళ్ళీ మొదటికే. 100 వేస్తే తేడా 1 ఆంపియరే, కానీ బస్ 11.5కి జారుతుంది. నేనైతే రెసిస్టర్ పెంచను, ముందు ట్రిమ్‌పాట్ (సెట్ వోల్టేజీని సవరించే చిన్న మర) తిప్పుతాను. సెట్ తేడాను 0.02కి తెస్తే 50 మిల్లీఓములతోనే 0.4 ఆంపియర్లకు వస్తుంది. మాడ్యూళ్ళు వేడెక్కాకే తిప్పండి, చల్లగా ఉన్నప్పుడు కుదిర్చింది తర్వాత జరిగిపోతుంది.

6 ఆంపియర్లు మోసే రెసిస్టర్ 1.8 వాట్లు తింటుంది. 2 వాట్లది వేస్తే చెయ్యి కాలుతుంది, 5 వాట్లది వేయండి.

ఒక ఉచ్చు. నేను ఓ సాయంత్రమంతా ఇందులో పడి కొట్టుకున్నాను. రిమోట్ సెన్స్ తీగలను (కన్వర్టర్ తన అవుట్‌పుట్ వోల్టేజీని చూసుకునే తీగలు) రెసిస్టర్ దాటాక బస్‌కి కలిపితే, కన్వర్టర్ ఆ దిగుడును కూడా సరిచేసేస్తుంది. రెసిస్టర్ వేడెక్కుతుంది, పంపకం మాత్రం జరగదు. సెన్స్ ఎప్పుడూ రెసిస్టర్‌కు ముందే.

అభ్యాసం: 12.06, 12.00, 11.94 దగ్గర సెట్ అయిన మూడు మాడ్యూళ్ళు, ఒక్కోదానికి 40 మిల్లీఓములు, లోడు 15 ఆంపియర్లు. ఎవరి వంతు ఎంత? బస్ ఎంత? జవాబు 11.8 వోల్టులు రాకపోతే మళ్ళీ వేయండి. ఇదే దిగుడు లేకుండా షేర్ బస్‌తో (ఎవరెంత మోస్తున్నారో మాడ్యూళ్ళు ఒకదానికొకటి చెప్పుకునే తీగ) పంచడం 4వ పాఠంలో.