ఓడ ప్రొపల్షన్ సిమ్యులేషన్ తేడా కొడుతుంటే ఎక్కడ చూడాలి?

ఇంజిన్, షాఫ్ట్, ప్రొపెల్లర్, ఓడ నాలుగూ కలిపిన కంప్యూటర్ మోడల్‌లో తప్పు ఒకచోట ఉంటుంది, బయటపడేది ఇంకోచోట. అందుకే అంకెలు నప్పలేదని వెంటనే గుణకాలు సర్దేయకండి. ముందు జవాబు తెలిసిన ఓడ మీద నడిపి చూడండి. కొరియాలో రూపొందించిన కేసీఎస్ కంటైనర్ ఓడ ఇందుకు చక్కగా పనికొస్తుంది. అసలు ఓడను ఎప్పుడూ కట్టలేదు కానీ, దాని నమూనా మీద ట్యాంకులో చేసిన పరీక్షల ఫలితాలు అందరికీ దొరుకుతాయి. పొడవు 230 మీటర్లు, ప్రొపెల్లర్ వ్యాసం 7.9 మీటర్లు, వేగం 24 నాట్లు.

సమస్య: థ్రస్ట్ (ఓడను నెట్టే బలం), టార్క్ (షాఫ్ట్‌ను తిప్పే బలం) వేల రెట్లు వస్తున్నాయి

ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అలాగే ఇచ్చి ఉంటారు. సూత్రానికి కావాల్సింది సెకనుకు ఎన్ని చుట్లన్నది. అక్కడ వర్గం ఉంది కాబట్టి 60 రెట్ల పొరపాటు 3600 రెట్లవుతుంది. 60తో భాగించండి. పనిలోపనిగా నాట్లను 0.5144తో గుణించి సెకనుకు మీటర్లలోకి మార్చారో లేదో కూడా చూడండి.

సమస్య: వేగం ఇంచుమించు సరిపోయింది, పవర్ మాత్రం తక్కువ

నాకు అన్నిటికన్నా భయం దీంతోనే, ఎందుకంటే పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఓడ తన వెంట కొంత నీటిని లాక్కుపోతుంది, కాబట్టి ప్రొపెల్లర్‌కి తగిలే నీటి వేగం ఓడ వేగం కన్నా తక్కువ. ఇది వేక్. ప్రొపెల్లర్ ముందున్న నీటిని పీల్చడం వల్ల ఓడ వెనకభాగం మీద అదనపు లాగుడు పడి, థ్రస్ట్‌లో కొంత కోత పోతుంది. వేక్ మర్చిపోతే ఓడ నెమ్మదిస్తుంది, కోత మర్చిపోతే వేగం పెరుగుతుంది. రెండూ మర్చిపోతే ఒక తప్పు ఇంకోదాన్ని కొంతవరకు కప్పేస్తుంది. కేసీఎస్ నమూనాకు వేక్ సుమారు 0.21 (ఓడ వేగంలో 21 శాతం), కోత 0.15 (థ్రస్ట్‌లో 15 శాతం). అడ్వాన్స్ రేషియో (ప్రొపెల్లర్‌కి తగిలే నీటి వేగాన్ని సెకనుకు చుట్లు, వ్యాసం రెండిటి లబ్ధంతో భాగిస్తే వచ్చేది) చూస్తే దొంగ దొరికిపోతాడు: 0.73 దగ్గర ఉండాల్సింది 0.92కి చేరితే వేక్ పెట్టలేదన్నమాట.

సమస్య: ఓడ కదలకముందే, లేదా క్రాష్ స్టాప్ (ప్రొపెల్లర్‌ని వెనక్కి తిప్పి ఓడను అత్యవసరంగా ఆపడం) మధ్యలో లెక్క ఆగిపోతోంది

అడ్వాన్స్ రేషియో హారంలో చుట్ల వేగం ఉంది. షాఫ్ట్ ఆగినా, దిశ మారినా అది సున్నా. హారానికి 0.001 కలిపితే ఎర్రర్ పోతుంది, తప్పు పోదు. మామూలు ఓపెన్ వాటర్ కర్వ్ (ఓడ లేకుండా ప్రొపెల్లర్‌ని ఒంటరిగా పరీక్షించి గీసిన గ్రాఫ్) ఓడ, ప్రొపెల్లర్ రెండూ ముందుకే వెళ్తున్నప్పటి సంగతే చెబుతుంది. రేషియో బదులు నీరు రెక్కకు తగిలే కోణాన్ని తీసుకుని, నాలుగు క్వాడ్రంట్ల (ఓడ, ప్రొపెల్లర్ ఒక్కోటి ముందుకో వెనక్కో ఉండే నాలుగు స్థితుల) డేటా వాడండి. వాగెనింగెన్ బీ4-70 అనే ప్రామాణిక నాలుగు రెక్కల ప్రొపెల్లర్‌కి ఇది దొరుకుతుంది.

సమస్య: షాఫ్ట్ వేగం గ్రాఫ్ రంపపు పళ్లలా ఉంది

టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య కాలం) సగానికి తగ్గించండి. పళ్ల మధ్య దూరం కూడా తగ్గితే తప్పు సాల్వర్‌ది, అంటే సమీకరణాలు లెక్కగట్టే భాగానిది. షాఫ్ట్ మెలిక సెకనులో చిన్న భాగంలోనే ఊగుతుంది, ఓడ వేగం మారడానికి నిమిషాలు పడుతుంది. రెండిటినీ ఒకే స్థిరమైన స్టెప్‌తో లాగడం కష్టం. ఇంప్లిసిట్ సాల్వర్‌కి (స్టెప్ పెద్దదైనా చెదరని రకానికి) మారండి, లేదా మెలిక అక్కర్లేకపోతే షాఫ్ట్‌ను గట్టి కడ్డీగా తీసుకోండి. దూరం మారకపోతే గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే కంట్రోలర్) గెయిన్, అంటే అది ఎంత గట్టిగా స్పందిస్తుందో చూడండి. ప్రొపెల్లర్ జడత్వానికి దాంతోపాటు తిరిగే నీటి జడత్వం కలిపారో లేదో కూడా చూడండి.