బెంజీ దగ్గర ఆగిపోకండి: 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' ఎలా చదవాలి

ఒంగోలు, కావలి వైపు ఎమ్మే ఇంగ్లీషు చదివే పిల్లలు కొందరు విలియం ఫాక్నర్ రాసిన ఈ నవల మొదలుపెట్టి, పట్టుమని ఇరవై పేజీలు కూడా తిరగకుండానే మూసేసి గైడు కొనుక్కుంటారు. గైడు పక్కన పెట్టండి. కొరుకుడుపడని నవలే, 1929లో వచ్చిన దగ్గర్నుంచీ దానికి ఆ పేరుంది. కానీ లోపలికి వెళ్లే దారి దొరికితే మాత్రం ఇది మనిషిని వదలదు.

ముందు ఈ మాత్రం తెలుసుకుని కూర్చోండి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, కాంప్సన్‌లనే బతికి చెడిన కుటుంబం. తండ్రి తాగుతాడు, తల్లి ఎప్పుడూ ఒంట్లో బాగాలేదని మంచం దిగదు. పిల్లలు నలుగురు: క్వెంటిన్, క్యాడీ, జేసన్, బెంజీ. నవలలో నాలుగు భాగాలుంటే మూడు అన్నదమ్ములవి, చివరిది రచయిత చెప్పేది. క్యాడీకి భాగమే లేదు, అయినా ముగ్గురి మనసులోనూ తిరిగేది ఆవిడే. అర్థంకాని చోటల్లా "ఇక్కడ క్యాడీ ఏం చేస్తోంది?" అని వెతకండి.

చిక్కంతా మొదటి భాగంలోనే. బెంజీకి 33 ఏళ్లు, మాటలు రావు, బుద్ధి ఎదగలేదు, నిన్నకీ ఇవాళ్టికీ తేడా తెలియదు. కంచె దూరుతుంటే మేకుకు బట్ట తగులుకుంటుంది, అంతే, చిన్నప్పుడు అక్కతో కంచె దూరిన రోజులోకి వెళ్లిపోతాడు. అక్షరాలు ఏటవాలుగా మారితే చాలాసార్లు కాలం మారినట్టు, కానీ దాన్నే పూర్తిగా నమ్ముకోవద్దు. బెంజీని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారో చూడండి. వెర్ష్ అయితే చిన్నతనం, టీపీ అయితే కాస్త ఎదిగిన వయసు, లస్టర్ అయితే 1928, అంటే కథలో ఇప్పటి కాలం. ఈ ముగ్గురికీ మూడు రంగుల పెన్సిళ్లు పెట్టుకుని పక్కన గీత గీయండి. ఫాక్నర్ కూడా ఈ భాగాన్ని రకరకాల రంగుల్లో అచ్చు వేయించాలనుకున్నాడు, అప్పట్లో కుదరలేదు.

పేర్లు కూడా తికమకే. క్వెంటిన్‌లు ఇద్దరు, ఒకరు మేనమామ, ఇంకొకరు క్యాడీ కూతురు. తండ్రి పేరూ జేసనే. బెంజీకి మొదట పెట్టిన పేరు మోరీ, అది తన తోడబుట్టినవాడి పేరని తల్లి తర్వాత మార్పించింది.

మొదటి పేజీ మాత్రం నిదానంగా చదవండి. కంచె అవతల ఎవరో బంతి కొడుతుంటారు, "క్యాడీ" అని కేకేస్తారు, బెంజీ ఏడుస్తాడు. వాళ్లు పిలిచేది గోల్ఫ్ బ్యాగు మోసే కుర్రాణ్ణి, ఇతనికి వినపడేది అక్క పేరు. ఆ మైదానం ఒకప్పుడు ఇతని మేత బీడు, క్వెంటిన్‌ని హార్వర్డ్‌లో చదివించడానికి అమ్మేశారు. పిల్లాడి చదువుకు పొలం అమ్ముకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి కాబట్టి ఆ కంచె ఎంత నొప్పో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో భాగం 1910 జూన్ 2. క్వెంటిన్ ఆ రోజే ప్రాణం తీసుకుంటాడు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అది తెలిసి చదివితేనే తండ్రి చేతికిచ్చిన తాత గడియారాన్ని అతను పొద్దున్నే ఎందుకు పగలగొట్టాడో, ముళ్లు ఎందుకు పీకేశాడో గుండెకు తగులుతుంది. కామాలు, ఫుల్‌స్టాపులు లేని చోట ఆగి అర్థం వెతకొద్దు, ఊపిరి బిగబట్టి చదువుకుంటూ పోండి.

జేసన్ భాగం నెల్లూరు నుంచి విజయవాడ వెళ్లేలోపు రైల్లోనే అయిపోతుంది. క్యాడీ తన కూతురికి పంపే డబ్బు నొక్కేసే మనిషి నోటి వెంట కథ వింటారు, ఒళ్లు మండుతుంది. నాలుగోది ఈస్టర్ ఆదివారం. ఆ ఇంటి పిల్లల్ని సాకిన నల్లజాతి వంటమనిషి డిల్సీ బెంజీని చర్చికి తీసుకెళ్తుంది. నా మటుకు నవల మొత్తానికీ వెన్నెముక ఆవిడే.

ఇంకొక్క మాట. చాలా ఏళ్ల తర్వాత ఫాక్నర్ ఈ కుటుంబం గురించి ఒక అనుబంధం రాశాడు, 1946లో అచ్చయింది. కొన్ని ప్రతుల్లో దాన్ని నవలకు ముందే పెట్టారు. మీ ప్రతిలో అలా ఉంటే దాటేసి బెంజీతోనే మొదలుపెట్టండి, అనుబంధం అన్నిటికంటే చివర చదవండి.